మూడో కత్తి

ప్రొఫెసర్ గవరయ్యగారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాంలే" అనేవారు. అడిగినవాడు ఆ సంగతి మరిచిపోయాక, ఒక్కోసారి అడిగినందుకు సిగ్గుపడ్డాక, ఏదో ఒక పని పురమాయించేవారు. జవాబు ఆ పనిలో ఉండేది. దొరికినవాడికి దొరికేది, దొరకనివాడు పని ముగించుకుని తన దారిన తాను పోయేవాడు. కాలేజీ గడప తొక్కని మనిషికి ప్రొఫెసర్ బిరుదు ఎవరిచ్చారని అడక్కండి. మ్యాజిక్ చేసేవాళ్ళందరికీ ఆ బిరుదు వాల్‌పోస్టర్లు అచ్చువేసేవాడే ఇస్తాడు.

ఆయన శిష్యుడు సింహాద్రి ఒకనాడు అడిగిన ప్రశ్న మాత్రం చూద్దాంలే అని పక్కన పెట్టేది కాదు. కనీసం సింహాద్రి అలా అనుకున్నాడు. "నలుగురిలో నా పెళ్ళాన్ని ఒకడు పాడు మాట అంటే గాజులు తొడుక్కుని కూర్చోమంటారా గురువుగారూ? ఉప్పూ కారం తినేవాడికి కోపం రావడం తప్పా?" అదీ ప్రశ్న. అడిగిన చోటు రోడ్డు పక్క టీ బడ్డీ. అడిగిన తీరు చూస్తే అడగడానికి కాదు, కలబడడానికి వచ్చినట్టుంది. గురువుగారి మీద అంత గొంతు ఎందుకు లేచిందో తెలియాలంటే ముందు కత్తుల పెట్టె సంగతి తెలియాలి.

గవరయ్యగారి కంపెనీ అనకాపల్లి వైపు నుంచి బయలుదేరి ఊళ్ళ వెంట తిరిగేది. ఒక పాత వ్యాను, అందులో గోనెపట్టాలు చుట్టిన సామాను, పావురాల గూడు, కీబోర్డు వాయించే డిల్లేశ్వర్రావు, తెరలు లాగే ఇద్దరు మనుషులు. ఇవాళ తీర్థమో జాతరో జరిగే చోట డేరా, రేపు ఏ టౌన్‌హాలో, మరోనాడు ఏ హైస్కూలు ఆవరణో. పొద్దున్నే ఎవరి పంపు దగ్గరో స్నానాలు, ఎవరి అరుగు మీదో భోజనాలు. చేరిన ఊళ్ళో నీళ్ళు ఉప్పగా ఉన్నాయా తియ్యగా ఉన్నాయా అన్నదే వాళ్ళకు ఊరికీ ఊరికీ తేడా. రుమాలు పావురంగా మారడం, ఖాళీ చెంబు వంచినకొద్దీ నీళ్ళు రావడం జనం ఇష్టంగానే చూసేవారు. కానీ వాళ్ళు టికెట్టు కొన్నది వీటి కోసం కాదు. పోస్టరు మీద వేసిన బొమ్మ కత్తుల పెట్టెది.

పెట్టె టేకుది. మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే సరిగ్గా సరిపోతుంది. అందులోకి దిగేది సింహాద్రి భార్య నూకరత్నం. పోస్టరు మీద ఆమె పేరు మిస్ రత్నకుమారి. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పోస్టరు మీద మిస్సే. జనంలోంచి ఒకరు వచ్చి పెట్టెకు తాళం వేస్తారు. సింహాద్రి ఆ చెక్కలకున్న సందుల్లోంచి ఒక్కో కత్తీ దించుతాడు. అన్నీ దిగాక తీసేసి తాళం తెరిస్తే రత్నం నవ్వుతూ లేచి నిలబడుతుంది. ఇందులో గుట్టంతా విప్పితే ఆ విద్య నేర్పిన పెద్దలు ఒప్పుకోరు గాని, ఇంతమటుకు చెప్పవచ్చు. కత్తులు అసలువే. పెట్టెలో దొంగ అర ఏదీ లేదు. కత్తి కత్తికీ లోపలి మనిషి ఒళ్ళు మార్చుకుంటుంది. చీకట్లో ఏ కత్తి ఎటునుంచి వస్తుందో ఆమెకు తెలిసేది బయటివాడు చెప్పే మాటవల్ల.

"తూర్పున పొద్దు పొడిచింది" అంటే మొదటి కత్తి కుడి చెక్కలోంచి వస్తుంది. "పడమట పొద్దు వాలింది" అంటే రెండోది ఎడమ చెక్కలోంచి. "నడినెత్తిన చినుకు రాలింది" అంటే మూడోది మూతలోంచి, సరాసరి పైనుంచి. ఇలా చివరిదాకా. మాట పూర్తయ్యాక ఒక ఊపిరి ఆగి కత్తి దించాలి. ఆ ఊపిరిలోనే లోపలి మనిషి కదలాలి. జనం అదంతా అలంకారం అనుకునేవారు, పిల్లలు బయటికొచ్చి వల్లెవేసేవారు కూడా.

కంపెనీలో పాత ఆచారం ఒకటుంది. కత్తి పట్టేవాడు ముందు ఒక సీజనంతా పెట్టెలో కూర్చోవాలి. గవరయ్యగారు కూర్చున్నారు, ఆయనకు నేర్పినవాడూ కూర్చున్నాడు. సింహాద్రి కూర్చోలేదు. అతను అంతకుముందు రిక్షాలో మైకు పట్టుకుని సినిమా హాలు ప్రకటనలు ఊరంతా చాటేవాడు. గొంతు కంచుగంట. గవరయ్యగారి చేతులు వయసు మీదపడి వణకడం మొదలయ్యాక కత్తి అతని చేతికి వచ్చింది. పెట్టె ఊసెత్తినప్పుడల్లా, అది ఆడవాళ్ళ పని గురువుగారూ అని నవ్వేసేవాడు. నవ్వేసేవాణ్ణి ఏమంటాం? ఆయనా ఊరుకున్నారు. ఆ మాటలు లోపలి మనిషికి సైగలని సింహాద్రికి తెలియక కాదు. గట్టున నిలబడ్డవాడికి ఈత తెలిసినట్టు తెలుసు. మనసులో మాత్రం జనం తన గొంతు వినడానికే వస్తున్నారని అతని నమ్మకం.

గొడవ జరిగిన ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊళ్ళోని మంచివాళ్ళు నొచ్చుకుంటారు. తీర్థం రోజులు, డేరా నిండా జనం. ముందు వరసలో ఒకడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ప్రతి ఊళ్ళోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. టికెట్టు కొన్నందుకు ఆటతో పాటు ఆడే మనుషులు కూడా తన సొంతమైపోయారనుకుంటాడు. రత్నం పెట్టెలోకి దిగుతున్నప్పుడే వాడేదో కూశాడు. సింహాద్రి విననట్టే ఉన్నాడు. రెండు కత్తులు దిగాయి. మూడోది చేతిలోకి తీసుకుంటూ ఉండగా వాడు ఇంకో మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. తాళం వేసిన పెట్టెలో ముడుచుకుని కూర్చున్న ఆడమనిషి గురించి అలాంటి వెధవ ఏమంటాడో పెద్దవాళ్ళకు నేను చెప్పాలా? వాడి చుట్టూ ఉన్నవాళ్ళు పళ్ళికిలించారు. నిజం చెప్పాలంటే వాడి మీదకన్నా ఆ ఇకిలించినవాళ్ళ మీదే నాకు ఎక్కువ మంట. వాళ్ళే లేకపోతే వాడు ఇంటికి పోయి గోడతో చెప్పుకునేవాడు.

సింహాద్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తితో సహా స్టేజి అంచుకు వచ్చి, మైకులో, ముందు నీ చెల్లెల్ని పట్టుకొచ్చి ఈ పెట్టెలో కూర్చోబెట్టు, కత్తులతో పని లేకుండానే ఆట చూపిస్తానన్నాడు. డేరా గొల్లుమంది. ఈలలు, చప్పట్లు. ఇందాక వాడి మాటకు ఇకిలించినవాళ్ళే ఇప్పుడు ఇతని మాటకు తొడలు చరుచుకున్నారు. ముందు వరసవాడి మొహం మాడిపోయింది. సింహాద్రి గెలిచిన పందెంకోడిలా వెనక్కి తిరిగి, ఆ ఊపులోనే పెట్టె మీదికి వంగి మూడో కత్తి దించేశాడు.

చినుకు రాలలేదు. ఆ మాట అతను అననే లేదు.

లోపల రత్నం రెండో కత్తికి ఎలా ఒదిగిందో అలాగే ఉంది. కత్తి ఆమె ఎడమ భుజం చీల్చుకుంటూ పోయింది. ఇంకో బెత్తెడు ఇటు జరిగి ఉంటే మెడ. పెట్టెలో ఉండగా ఏం జరిగినా నోరు మెదపకూడదన్నది ఆటలో మొదటి కట్టుబాటు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగో కత్తి నుంచి మాటలు మళ్ళీ వినబడ్డాయి కాబట్టి మళ్ళీ కదిలింది, చివరిదాకా కదిలింది. తాళం తీసినప్పుడు లేచి నిలబడి, కొంగు భుజం నిండా కప్పుకుని నవ్వింది. ఎర్రచీర, ఎర్రజాకెట్టు కావడంతో జనానికేమీ తెలియలేదు. ఈలలకు మురిసిపోతూ కత్తుల వంక చూడకుండానే లాగి పడేసిన మొగుడికీ తెలియలేదు.

తెర వెనక్కి రాగానే సింహాద్రి మీసం సవరించుకుంటూ, వాడికెలా పెట్టానో విన్నావా అని అడిగాడు. రత్నం కొంగు తీసి భుజం చూపించింది. డిల్లేశ్వర్రావు అయ్యయ్యో అంటూ గుడ్డకోసం, పసుపుకోసం పరిగెత్తాడు. సింహాద్రి నోట ఒక్క నిమిషం మాట రాలేదు. ఆ నిమిషం అలాగే నిలబడిపోయి ఉంటే ఎంత బాగుండేది! కొందరు మగవాళ్ళకు తప్పు చేశామన్న భయం కలిగితే అది నోట్లోంచి కోపంగా తప్ప బయటికి రాదు. నిన్నన్నందుకే కదా నేనన్నాను, అన్నాడు. నీ పరువు కోసమే కదా, అన్నాడు. అంతటితో ఆగినా సరిపోయేది. కత్తి వస్తుందని తెలిసినదానివి కాస్త చూసుకుని కదలొద్దా అని కూడా అనేశాడు.

రత్నం గొంతు పెంచలేదు. గుడ్డ పళ్ళతో పట్టుకుని కట్టు బిగించుకుంటూ చెప్పింది. "వాడు నన్నన్నాడు. నువ్వు వాడి చెల్లెల్నన్నావు. కత్తి నాకు దిగింది. ఇక నీ చేతి కింద ఆ పెట్టెలో కూర్చోను."

మర్నాడు వ్యాను బయలుదేరింది. దారి పొడుగునా పావురాలు తప్ప ఎవరూ గొంతు విప్పలేదు. రత్నం ముందు సీటులో డిల్లేశ్వర్రావు పక్కన కూర్చుంది, వెనక్కి ఒక్కసారి తిరగలేదు. వెనక సామాను మధ్య కూర్చున్న సింహాద్రి ఉడికిపోతున్నాడు. కాలు మీద కాలేసుకున్నవాడి మీద కోపం, ఇకిలించిన మొహాల మీద కోపం, గతుకులు పడినప్పుడల్లా వచ్చి వీపుకు తగిలే ఆ పెట్టె మీద కూడా కోపం. అన్నిటికన్నా ఎక్కువ రత్నం మీద. పెళ్ళాం పరువు కాపాడినవాడికి దక్కే మర్యాద ఇదా? గాయానికి అతను బాధపడలేదని కాదు. బాధపడ్డాడు. కానీ ఆ బాధ పైకి కనబడితే తాను ఓడిపోయినట్టవుతుందని దాని మీద కోపాన్ని కప్పుకుని కూర్చున్నాడు. పోబోయే ఊళ్ళో పోస్టర్లు అప్పటికే గోడలెక్కాయి. కత్తుల పెట్టె లేకపోతే ఆట లేదు. రత్నం దిగకపోతే పెట్టె లేదు. గురువుగారి తరవాత కంపెనీ తన చేతికొస్తుందని సింహాద్రి పెట్టుకున్న ఆశ అంతా ఆమె పట్టిన ఆ ఒక్క పట్టు దగ్గర ఆగిపోయింది.

టీ బడ్డీ దగ్గర వ్యాను ఆగినప్పుడు అతను సరాసరి గవరయ్యగారి ముందుకు పోయి నిలబడి, మొదట్లో చెప్పానే, ఆ ప్రశ్న అడిగాడు. ఆయన టీ సాసర్లో పోసుకుంటున్నారు. చెయ్యి వణికి సగం పంచె మీద పడింది. తుడుచుకుని, తాగి, "చూద్దాంలే" అన్నారు. సింహాద్రికి పుండు మీద కారం చల్లినట్టయింది. పోనీ మీరైనా దానికి గట్టిగా చెప్పండి, మీ మాట కాదనదు అన్నాడు. ఆయన దానికి చూద్దాంలే అని కూడా అనలేదు. గ్లాసు కడిగి బడ్డీవాడికిచ్చి వ్యానెక్కారు.

ఊరు చేరి టౌన్‌హాల్లో సామాను దించుతూ ఉండగా ఆయన అందరూ వినేలా చెప్పారు. ఈపూట పెట్టెలో సింహాద్రి కూర్చుంటాడు, కత్తులు రత్నం దించుతుంది. తెరలు లాగేవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. సింహాద్రి మొదట అది హాస్యమనుకున్నాడు. తరవాత మండిపడ్డాడు. ఆడది కత్తి పట్టడమేమిటి, తాను పోయి ఆ పెట్టెలో ముడుచుకోవడమేమిటి, జనం మొహాన ఉమ్మరా అన్నాడు. గవరయ్యగారు శాంతంగానే, కత్తి పట్టడానికి తన చేతులు పనికిరావన్నారు. డిల్లేశ్వర్రావు వాయించాలి, తెరలవాళ్ళకు ఆ సైగ మాటలు రావు. ఏళ్ళ తరబడి చీకట్లో కూర్చుని ఆ మాటలే విన్న మనిషి రత్నం ఒక్కతే. ఇది కుదరదంటే ఆట మానేసి వ్యాను వెనక్కి తిప్పేద్దాం, అన్నారు. సింహాద్రి పళ్ళు నూరుకుని ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం కత్తులకు బదులు వెదురు కర్రలతో సాధన చేశారు. రత్నం అతనికి అన్నీ నేర్పింది. మోకాలు ఎక్కడ పెట్టాలి, గడ్డం ఎలా దించాలి, పైనుంచి వచ్చే కత్తికి భుజం ఎలా వాల్చి తల ఎటు తిప్పాలి. ఒక్కటీ దాచలేదు, ఒక్కసారీ మొహం చూడలేదు. దారిన పోయేవాడికి దారి చెప్పినట్టు చెప్పింది. అతను ఆలస్యం చేసినప్పుడు కర్ర డొక్కలో పొడుచుకుంది. అబ్బా అన్నాడు. పెట్టెలో అబ్బా అనకూడదంది.

సాయంత్రం ఆట మొదలైంది. రుమాళ్ళూ పావురాలూ అయ్యాయి. వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలని సామాను దించేటప్పుడే ఊళ్ళో తెలిసిపోయింది, సింహాద్రి పెట్టెలోకి దిగుతుంటే జనం నవ్వారు. అతను తల పైకెత్తలేదు. మూత పడింది, తాళం పడింది. లోపల కొబ్బరినూనె వాసన, అది రత్నం జుట్టుది. సందుల్లోంచి దారాల్లా సన్నటి వెలుగు. బయట జనం ఉన్నారని తెలుస్తోంది గాని వాళ్ళ మాటలు మాటలుగా రావడంలేదు, వట్టి హోరు. అంత హోరులోనూ తేటగా వినబడిందల్లా పెట్టె పక్కన నిలబడ్డ రత్నం గొంతు, ఆమె చేతి గాజులు. ఆమె అతనిలా గొంతు విసరలేదు. బియ్యం కొలిచి పోసినట్టు ఒక్కో మాటా పోసింది. తూర్పున పొద్దు పొడిచింది. అతను ఒదిగాడు, మొదటి కత్తి వీపును తాకీ తాకనట్టు పోయింది. పడమట పొద్దు వాలింది. రెండోది డొక్క పక్కగా వచ్చి నిలిచింది. ఇప్పుడు అటూ ఇటూ కత్తులే, కదలడానికి వీలుంటే అది ఒక్క భుజానికే.

మూడో కత్తి కోసం హాలు ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో పక్క గోడ వైపునుంచి ఒక గొంతు లేచింది. ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడని చెప్పాను కదా.

"మొగుణ్ణి పెట్టెలో ఏసి తాళమేసీసినావు గదా, ఇంకేటి భయం? ఇటొచ్చీ."

హాలు నవ్వింది. ఆ మాటా, ఆ నవ్వూ మాత్రం చెక్కల్లోంచి పూర్తిగా లోపలికి వచ్చాయి. సింహాద్రి ఒళ్ళు భగ్గున మండింది. మూత తన్నుకుని లేచి వాడి నోరు పగలగొడదామన్నంత కోపం. కాలు కదపబోయాడు, డొక్క పక్కనున్న కత్తి చల్లగా తగిలింది. ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే నెత్తి మీద గాజులు గలగలమన్నాయి. కత్తి పైకి లేచింది. గాజులు ఆగిపోయాయి. మాట రాలేదు.

ఆమె జవాబు చెబుతుంది, అనుకున్నాడు. చెప్పే హక్కు ఆమెకుంది. ఆమె నోరు తక్కువదేమీ కాదు, ఆ సంగతి అతనికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. తానైతే చెప్పేవాడు. అసలు చెప్పాడు కదా, నిన్న! ఆ నిన్న గుర్తుకు రాగానే మంటంతా ఒక్కసారి చల్లారి వెన్నులో చలి పుట్టింది. పైన కత్తి పట్టుకుని నిలబడ్డది నిన్న తన కత్తి దిగిన మనిషి. ఆ గోడ పక్కవాడి మీద ఆమెకు కోపం ఉంటుంది, తన మీదా ఉంటుంది. అది ఎంతుందో, ఎటు వస్తుందో ఈ చీకట్లో తెలిసే దారి లేదు. తనకు తెలిసేది ఆ ఒక్క మాటవల్లే. అది రావడం లేదు. తల్లీ, వాణ్ణి వదిలెయ్యి, వాడేమన్నా అనుకోనీ, ముందు చినుకు రాలిందను, ఆ ఒక్క మాట అను అని లోలోపల మొక్కుకున్నాడు. గాజులు తొడుక్కుని కూర్చోమంటారా అని అడిగిన మనిషే, ఆ గాజులు ఎప్పుడు గలగలమంటాయోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

"నడినెత్తిన చినుకు రాలింది."

తొందర లేదు. గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. రోజూ ఎలా అనాలో అలాగే అంది. ఒక ఊపిరి ఆగింది. సింహాద్రి భుజం వాల్చి తల తిప్పాడు. ఇందాక మెడ ఉన్న చోటుకు కత్తి దిగి అతని కళ్ళ ముందు ఆగింది. సందులోంచి పడుతున్న సన్నటి వెలుగు దాని కొనను తాకింది. ఆ కొన వణుకుతోంది. గురువుగారి చేతి వణుకులాంటిది కాదు. పళ్ళు బిగబట్టి, పిడి నలిగిపోయేలా పట్టుకుంటే వచ్చే వణుకు. అతను చూస్తూ ఉండగా చాలాసేపు అలాగే వణికింది.

మిగతా కత్తులు ఒక్కో మాట వెనకా ఒక్కోటి దిగాయి, అలాగే బయటికి వచ్చాయి. తాళం తీశారు. సింహాద్రి లేచి నిలబడ్డాడు, కాళ్ళు తిమ్మిరెక్కి పెట్టె అంచు పట్టుకోవలసి వచ్చింది. చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లకు తల వంచి దండం పెట్టడం మామూలు. రత్నం పెట్టలేదు. చేతిలో కత్తితోనే స్టేజి అంచుకు వచ్చి గోడ వైపు చూసింది.

"ఇందాక ఎవరో పిలిచారు. పెట్టెలో మనిషున్నాడని పలకలేదు. ఇప్పుడు పెట్టె ఖాళీ, నాకు తీరికే. రా నాయనా, అన్న మాట ఇక్కడికొచ్చి అను."

 గోడకు ఆనుకున్నవాళ్ళు ఒకరొకరే పక్కకు జరిగారు, మధ్యలో వాడొక్కడే మిగిలాడు. నేల చూపులు చూస్తూ కాసేపు నిలబడి, పక్క గుమ్మంలోంచి జారుకున్నాడు. వెనక వరసలో ఒక ముసలమ్మ, పోయావేంరా మగధీరా, అంది. అప్పుడు జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ముందు నవ్వినవాళ్ళూ వీళ్ళే. రత్నం ఆ చప్పట్లకు కూడా తల వంచకుండా తెర వెనక్కి వెళ్ళిపోయింది.

సింహాద్రి ఆమె వెనకే వెళ్ళాడు. మీసం మీదికి చెయ్యి పోలేదు. కట్టు మార్చనా అని అడిగితే ఆమె భుజం పక్కకు తిప్పుకుంది. తప్పు నాదే రత్నం, అన్నాడు. ఆమె కత్తులు తుడిచి గుడ్డలో చుడుతూ, సీజను అయ్యేదాకా పెట్టెలో నువ్వే కూర్చో, ఆ తరవాత నేను దిగేదీ లేనిదీ చెబుతానంది. సరేనన్నాడు. ఆమె కోపం ఆ పూటతో తీరిపోలేదు, తరవాత చాలా ఊళ్ళ దాకా తీరలేదని డిల్లేశ్వర్రావు చెబుతాడు. ఎందుకు తీరాలి? భుజం మీద మచ్చ ఆమెది.

గవరయ్యగారు స్టేజి మీద పెట్టె పక్కన నిలబడి గోనెపట్టా విప్పుతున్నారు. సింహాద్రి పోయి రెండో కొస పట్టుకున్నాడు. 

"దానికి నాకన్నా ఎక్కువ కోపం వచ్చింది గురువుగారూ" అన్నాడు సింహాద్రి. "బయట ఎవరికీ తెలీలేదు. కత్తి కొన నా కళ్ళ ముందే వణికింది." తరవాత టీ బడ్డీ దగ్గర తానడిగిన సంగతి ఎత్తబోయి, ఎలా ఎత్తాలో తెలియక నసిగాడు.

గవరయ్యగారు పెట్టె మూత దించారు. తాళం చేతిలో పట్టుకుని శిష్యుడి మొహం చూశారు.

"అడగవలసిన మనిషిని ఇందులో పెట్టి తాళమేసి, వచ్చి నన్నడిగావురా సింహాద్రీ" అన్నారు.